పండ్ల సెట్టు

పోస్టరు మీద నాటకం పేరు చదివి
మొక్కలు పంచుతారేమోనని
కసాపురం నుంచి ఒకాయన గోనెసంచి తెచ్చుకున్నాడు.
"ఆ పండ్ల సెట్టు కాదు పెద్దాయనా, పండ్ల సెట్టు" అన్నాను.
నా చెవికే రెండూ ఒకటిగా వినపడినాయి.
నోరు తెరిచి వేలితో పన్ను తట్టి చూపించాల్సి వచ్చింది.
ఆయన సంచి మడిచి, కుర్చీలో పరుచుకుని
ముందు వరసలోనే కూర్చున్నాడు.
వచ్చినాక ఉత్త చేతులతో పోతారా ఎవరైనా.

గుంతకల్లు రైల్వే ఇన్‌స్టిట్యూట్. నవంబరు.
పగలు కౌంటర్లో టికెట్లు కొట్టే నేను
రాత్రి ఎడమ తెర చాటున
సెల్‌ఫోను లైటు చంకలో ఇరికించుకుని మాటలందిస్తాను.

వృద్ధాశ్రమంలో ఏడుగురు ముసలోళ్లు.
గ్లాసుల్లో నానబెట్టిన పండ్ల సెట్లు తెల్లారేసరికి తారుమారు.
ఎవరి నవ్వు ఎవరి నోట్లో ఉందో తేలడమే కథ.
డీజిల్ షెడ్డు ఖాజాబందెకు ఇరవై ఆరేళ్లు,
వేషానికి ఎనభై రెండు.
వంగి నడవడం పట్టుబడాలని
నెలంతా వాళ్ల దాదీ వెనకాలే తిరిగినాడు.
"నా నడక దొంగిలిస్తుండాడు" అని
ఆమె పక్కింట్లో ఫిర్యాదు చేసింది.
వనజాక్షి దిండు గలీబులో వేయించిన బుడ్డలు దాచుకుంటుంది,
నమలడానికి పన్ను లేకపోయినా.

మద్దిలేటి సారుకు నిజంగానే డెబ్బై ఒకటి.
నలభై ఏళ్లు ఇంజను తోలిన మనిషి.
ఆయన మాత్రం ముప్పై ఏళ్ల వార్డెను.
"ముసలోని వేషం నేనెందుకెయ్యాల?
ఇంట్లో రోజూ వేస్తనే ఉండాను.
ఒక్కరన్నా చప్పట్లు కొట్టినారా?"
జుట్టుకు నల్లరంగు, చెవుల అంచులకూ కాస్త.

రెండో అంకం. వార్డెను రూళ్లు చదవాలి.
ఒకటి: మిరపకాయ బజ్జీ నిషేధం.
రెండు. మూడు.
"రూలు నంబరు నాలుగు..."
ఆగిపోయినాడు.

అందించినాను. మళ్లీ అందించినాను.
అప్పుడు గుర్తొచ్చింది,
ఎడమ చెవిని ఇంజను ఎప్పుడో తినేసిందని.
రిహార్సళ్లలో కుడివైపు తిరిగి నిలబడేవాడు.
ఈరోజు ఫ్యాను గాలికి జరిగినాడు.

అంతలో బండి వచ్చింది.
మా ఇన్‌స్టిట్యూట్‌లో పాత పద్ధతి,
బండి పోతుంటే ఎక్కడోళ్లక్కడ బొమ్మల్లా ఆగిపోవాల.
ఖాజా నోట్లో సగం దూర్చిన పండ్ల సెట్టు.
వనజాక్షి చేతిలో జారబోతున్న బుడ్డ.
కిటికీలు, బెంచీలు, నా చేతిలో పుస్తకం
గజగజ.
మద్దిలేటి సారు కళ్లు మూసుకున్నాడు.
పాదాలతో వింటున్నాడు.

చివరి వ్యాగను దాటినాక
ఆయన నోట వచ్చింది నా పుస్తకంలో లేదు.
"వెనక నుంచి ఆరోది.
చక్రం ఒకచోట చదునెక్కింది."

ఖాజా నిటారుగా లేచినాడు.
వీపున దిండు కిందపడింది.
"ఆరోదా, ఏడోదా సార్?"
పండ్ల సెట్టు నోట్లో ఉన్నట్టే అడిగినాడు.

హాల్లో ఎవరూ నవ్వలేదు.
అంతా రైల్వే జనమే.
మూడో వరసలో గార్డు వేళ్లు మడిచి లెక్కేసినాడు.
ఎవరో బయటికి పోయి కంట్రోలుకు ఫోను చేసినారు.
"ఆరోదే" అని తలుపు దగ్గర నుంచి ఒక గొంతు.

గోనెసంచి పెద్దాయనకు ఓపిక అయిపోయింది.
"నాలుగో రూలు సంగతేమాయె?"

మద్దిలేటి సారు కాలరు సర్దుకున్నాడు.
"నాలుగు: బండి పోయేటప్పుడు
ఎవురూ నిద్రపోగూడదు."

అప్పుడు పడింది నవ్వు, పైకప్పు రేకులు ఎగిరేట్టు.
నేను పెన్ను తీసి
పాత రూలు కొట్టేసి ఇది రాసుకున్నాను.

మేకప్ గదిలో కొబ్బరినూనె వాసన.
ఆయన జుట్టు రుద్దుతున్నాడు, రుద్దుతున్నాడు.
రంగు వదలడం లేదు.
"రేప్పొద్దున బ్యాంకుకు పోవాలప్పా.
బతికే ఉండానని చూపించాల,
లేకుంటే పింఛను ఆపుతారు.
ఈ తలకాయను చూసి నేనేనని నమ్ముతారా?"

ఖాజా మాట్లాడకుండా
తన తల మీద మిగిలిన తెల్ల పౌడరు డబ్బా
మూత తీసి ఆయన ముందుకు జరిపినాడు.